ఉత్తరాంధ్ర మిషన్ ఆసుపత్రులు, పిల్లల ఆట

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో చూపు కోల్పోయిన పిల్లలు, కుష్ఠువల్ల చేతులు కాళ్లు దెబ్బతిన్న పిల్లలు ఆసుపత్రిలో ఉండి వైద్యం పొందిన చరిత్ర చాలావరకు క్రైస్తవ మిషన్ ఆసుపత్రులతో ముడిపడి ఉంది. అలాంటి పిల్లలకు మందు, కట్టు, శస్త్రచికిత్సలతోపాటు ఆట కూడా వైద్యమేనన్న అవగాహన వేరే దేశాల్లో, వేరే కారణాలవల్ల పుట్టింది. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆట అవసరం ఏ పిల్లలకు ఎక్కువో తెలుస్తుంది.

ఉత్తరాంధ్రలో ప్రొటెస్టెంట్ మిషన్ పని 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీతో మొదలైంది. 1874లో కాకినాడలో స్థిరపడ్డ కెనడియన్ బాప్టిస్టులు తర్వాతి దశాబ్దాల్లో బొబ్బిలి, శ్రీకాకుళం, సోంపేట వైపు విస్తరించారు. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1880లలో కోరాపుట్, సాలూరు ప్రాంతాలకు చేరారు. సోంపేటలోని ఆరోగ్యవరం కంటి ఆసుపత్రిని నడిపిన కెనడా వైద్యుడు బెన్ గలిసన్ మాటలు విని, కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెన్కిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థకు పునాది వేశారు. అప్పట్లో 25 డాలర్లతో ఒకరికి చూపు తెప్పించవచ్చన్న లెక్క ఆయన్ని కదిలించింది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. అంతవరకు విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది.

కంటి జబ్బుతో వచ్చిన పిల్లల పరిస్థితి వేరు, కుష్ఠుతో వచ్చిన పిల్లల పరిస్థితి వేరు. విటమిన్ ఎ లోపంతో కంటి నల్లగుడ్డు మీది పొర మెత్తబడి చూపు పోవడం ఒకప్పుడు పేద ఇళ్లలో తరచు కనిపించేది. ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ వేసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. కంటి వార్డులో పిల్లవాడి మంచం పక్కన తల్లో అమ్మమ్మో ఉండేది. కుష్ఠు సోకిన పిల్లలకు ఆ తోడు దక్కడం కష్టం. రోగుల్ని వేరుగా ఉంచేందుకు 1898లోనే చట్టం వచ్చింది. అది 2016 దాకా రద్దు కాలేదు. రోగుల ఆరోగ్యవంతులైన బిడ్డలను కూడా తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక గృహాల్లో పెంచే పద్ధతి మిషన్ కుష్ఠు ఆశ్రమాల్లో ఉండేది. రోగం నయమైనా ఎడబాటు గాయం మిగిలిపోయేది.

పాశ్చాత్య ఆసుపత్రుల్లో ఆటకు చోటు దొరికింది సరిగ్గా ఈ ఎడబాటు వల్లే. అక్కడ తల్లిదండ్రుల్ని వార్డులోకి వారానికి కొన్ని గంటలే రానిచ్చేవారు. ఒంటరిగా ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాప ఎలా కుంగిపోతుందో 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ సినిమాగా తీసి చూపించాడు. 1955లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎమ్మా ప్లాంక్ ఆసుపత్రి పిల్లల కోసం ఆట, చదువు కార్యక్రమం నెలకొల్పింది. 1959లో బ్రిటన్‌లో ప్లాట్ నివేదిక తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలనీ, పిల్లలకు ఆట ఏర్పాట్లు ఉండాలనీ సిఫార్సు చేసింది. అంతకుముందే, 1947లో, వర్జీనియా ఆక్స్‌లైన్ ‘ప్లే థెరపీ’ పుస్తకంలో మరో మూలసూత్రం చెప్పింది: ఆటలో దారి చూపేది పిల్లవాడే, పెద్దవాళ్లు వెంట నడవాలి.

ఆట, వైద్యం కలిసిన దక్షిణాది ఉదాహరణ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కనిపిస్తుంది. 1946లో అక్కడికి వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠుతో ముడుచుకుపోయిన వేళ్లను స్నాయువు మార్పిడి శస్త్రచికిత్సతో సరిచేశాడు. చేతులు పాడవడానికి ముఖ్య కారణం స్పర్శ పోవడమేనని గుర్తించాడు. 1951లో మొదలైన ‘న్యూ లైఫ్ సెంటర్’లో శస్త్రచికిత్స అయిన రోగులు వడ్రంగం నేర్చుకుని కొయ్యబొమ్మలు చేశారు. బొమ్మ చేయడమే చేతికి వ్యాయామం, జీవనోపాధి కూడా అయింది.

ఇలాంటి శస్త్రచికిత్స అయిన పిల్లవాడి చెయ్యి సుమారు మూడు వారాలు పిండికట్టులో ఉంటుంది. తర్వాత కొత్త కదలిక నేర్పాలి. పదేళ్లవాడు ఒకే వ్యాయామం వందసార్లు చెయ్యమంటే విసుక్కుంటాడు. వామనగుంటల పీట ముందు కూర్చోబెడితే అదే కదలిక తనంతట తను చేస్తాడు. పద్నాలుగు గుంటల్లోంచి చింతపిక్కలు తీయాలంటే బొటనవేలు చూపుడువేలికి ఎదురుగా రావాలి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క పిక్క వేస్తూ పోవాలంటే పట్టు కొంచెం కొంచెంగా సడలించాలి. అయితే కండరం కదిలినా స్పర్శ తిరిగి రాదు కాబట్టి పిల్లవాడు చూసి పట్టుకోవడం నేర్చుకోవాలి. మొనలున్నవి, వేడెక్కేవి, గరుకైనవి ఈ ఆటకు పనికిరావు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలు నునుపుగా, గుండ్రంగా ఉంటాయి.  చూపులేని పాపకు చప్పుడు చేసే గిలక్కాయ, చేత్తో తడిమి పోల్చుకునే లక్కపిడతలు మేలు.

క్రైస్తవ సంస్థల్లో ఆదివారపు బడి పాటలు, చేతుల ఆటలు, క్రిస్మస్ నాటికలు పిల్లలకు ఉల్లాసమిస్తాయన్న మాట నిజం. చిన్నపిల్లల్ని అడ్డుకోవద్దని యేసు చెప్పిన సువార్త ఘట్టం ఈ సేవకు ప్రేరణ. కానీ బోధ వేరు, ఆట చికిత్స వేరు. బోధలో కథ చెప్పేవాళ్లు నడిపిస్తారు. ఆటలో పిల్లవాడు నడిపించాలి. అన్ని మతాల పిల్లలూ పడుకునే వార్డులో ఈ తేడా పాటించడం న్యాయం, వైద్యపరంగా అవసరం కూడా.

1980లలో బహుళ ఔషధ చికిత్స రావడంతో కుష్ఠు పిల్లలు ఏళ్లతరబడి ఆసుపత్రిలో ఉండాల్సిన పని తగ్గింది. పిల్లల వైకల్యానికి మరో కారణమైన పోలియో కూడా వెనక్కి తగ్గింది: 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు. ఆట పిల్లల హక్కు అని చెప్పే 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికను భారత్ 1992లో ఆమోదించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల ఏర్పాటు జరిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారినీ, మస్తిష్క పక్షవాతం, ఆటిజం ఉన్నవారినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఇప్పుడు వైకల్యంతో వైద్యానికి వచ్చే పిల్లల్లో మస్తిష్క పక్షవాతం, ఆటిజం ఉన్నవారు కూడా ఉన్నారు. వారికి కావలసింది ఖరీదైన యంత్రాలు కాదు: వార్డులో ఒక మూల, రోజూ ఒక నిర్ణీత సమయం, పిల్లవాడి వెంట నడవడం తెలిసిన శిక్షణ పొందిన మనిషి. మిషన్ ఆసుపత్రి అయినా, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ఈ మూడింటినీ వైద్యంలో భాగంగానే ఏర్పాటు చేయాలి.