కోట దాహం తీర్చిన చెరువు

చుట్టాలొస్తే గోల్కొండ చూపించడం మనకు ఆనవాయితీ. గుమ్మంలో చప్పట్లు కొట్టడం, ఆయాసపడుతూ మెట్లెక్కడం అయ్యాక మా పెద్దమ్మ అడిగింది: “ఇంతమందికీ నీళ్లెక్కడివే?”

ఇల్లాలికి తోచే ప్రశ్న! నీళ్లు పైకెక్కించిన మట్టి గొట్టాలు కోట గోడల్లో నేటికీ కనిపిస్తాయి. కాని ఆ నీళ్ల పుట్టిల్లు వేరే ఉంది. అదే శేరిలింగంపల్లి మండలంలో, మాధాపూర్ పక్కనున్న దుర్గం చెరువు. 1518 నుంచి 1687 దాకా ఏలిన కుతుబ్‌షాహీల కాలంలో కోటవాసులు తాగింది ఈ నీళ్లే. బండరాళ్ల గుట్టల చాటున ఉండబట్టి దీన్ని రహస్య చెరువన్నారు.

2020లో దానిమీద తీగల వంతెన వచ్చింది. సాయంత్రమైతే ఫొటోలకోసం తిరనాళ్లే! అందరూ వంతెనను చూసేవాళ్లే గాని, కింది నీళ్లను పట్టించుకునేవాళ్లేరీ? మురుగు చేరి అవి తాగడానికి పనికిరాకుండా పోయాయి. రాజుల గోడలకు టిక్కెట్టు పెట్టి కాపాడుకుంటున్నాం. ఆ గోడల వెనక కుండలు నింపుకుని వంట చేసి, బిడ్డల దాహం తీర్చిన ఆడవాళ్ల చరిత్రకు మిగిలిన గుర్తు ఈ చెరువే కదా!

ఈసారి గోల్కొండ వెళ్లేముందు, ఓ పొద్దున్నే సందడి మొదలవకముందు, పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ చెరువు ఒడ్డుకెళ్లండి. కోట ఏ నీళ్లు తాగి బతికిందో వాళ్లకు చెప్పండి.