రంగము నుండి మరలివచ్చిన సంసారములు

కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ మున్నగు మన తూర్పుతీరపు రేవుల నుండి తరతరములుగా సాగిన రంగము (రంగూను) ప్రయాణములను గూర్చి పెద్దలు చెప్పిన కథలకు కొదువ లేదు. పంట పోయి ఓడ యెక్కినవాడు, అప్పు తీర్పబోయినవాడు, అన్నదమ్ములతో కలహించి పోయినవాడు, ధనము గడించి వచ్చి బర్మా టేకుదూలములతో మేడ కట్టించినవాడు, పోయి మరల ఏ కబురును లేనివాడు, వీరందరును ఆ కథలలో కనబడుదురు. కాని అచ్చటి స్త్రీని భార్యగా జేసికొని, బిడ్డలను గని, ఆ భార్యాబిడ్డలతో స్వదేశమునకు మరలివచ్చిన గృహస్థుని కథ మాత్రము ‘బర్మాదానిని తెచ్చుకొన్నాడు’ అను ఒక్క మాటతో ముగిసిపోవుచున్నది. అది నాకు అన్యాయముగా దోచుచున్నది. ఒకే ఓడ యెక్కిన ఆ కుటుంబములో భర్త ఇంటికి వచ్చుచుండెను, భార్య ఇల్లు విడిచి వచ్చుచుండెను. మన కథలన్నియు మొదటివాని వైపు నిలిచి చెప్పినవే.

1852లో దిగువ బర్మా, 1885 నాటి యుద్ధముతో ఎగువ బర్మా ఆంగ్లేయుల వశమై, ఇరావతీ ముఖద్వారములయందలి అడవులు నరకబడి వరిపొలములైన పిదప, ఆ ధాన్యమును దంచు మిల్లులకును, బియ్యపు బస్తాలను ఓడల కెత్తు రేవులకును కూలీలు విశేషముగా కావలసివచ్చిరి. మేస్త్రీలు గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల పల్లెలలో తిరిగి, ముందుగా కొంత సొమ్ము చేతబెట్టి, ఓడచీటి తామే కొని, ఆ ఋణమును రంగములో కూలిడబ్బుల నుండి మినహాయించుకొనెడివారు. ఓడ పైతట్టు మీద ఎండకును వానకును ఓర్చి మూడు నాలుగు దినములు గడపిన పిమ్మట రంగము రేవు కానవచ్చెడిది. 1839 నాటి తుపానులో చితికిపోయిన మన కోరంగిరేవు పేరే బర్మావారి నోట తెలుగువాని పేరై, ఆ రేవు మాసిన తరువాత గూడ శతాబ్దకాలము నిలిచినది. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైబడిరి; రంగము నగరమున నూటికి 53 మంది వారే. ఓడరేవు కూలీలలో తెలుగువారిదే అగ్రస్థానము.

ఇంతమంది పురుషులు వెళ్లినచోట వారి వెంట వెళ్లిన స్త్రీలు అత్యల్పము. ఒక పంటకాలము పనిచేసి వచ్చువారి మాట వేరు. మిల్లులో పనివాడుగానో, సంపాను పడవ నడుపువాడుగానో, చిల్లర వర్తకుడుగానో, గుమాస్తాగానో సంవత్సరముల తరబడి నిలిచిపోయినవారిలో పలువురు బర్మా స్త్రీలతో కాపురములు పెట్టిరి. స్వగ్రామమున అంతకుముందే భార్య గలవారును వారిలో లేకపోలేదు. ఆ సంగతిని దాచి ఈ చరిత్ర వ్రాయుట సాధ్యము కాదు.

ఇచ్చట ఒక విషయమును నిదానించి చూడవలెను. బర్మా బౌద్ధుల ఆచారధర్మమున వివాహమునకు హోమముతో గాని, మంగళసూత్రముతో గాని, పురోహితునితో గాని నిమిత్తము లేదు. యుక్తవయస్సు వచ్చిన స్త్రీపురుషులు పరస్పర సమ్మతితో, నలుగురికి తెలియునట్లు భార్యాభర్తలై ఒకే కంచమున తిని ఒకే ఇంట నివసించిన యెడల అది వివాహమే. వివాహానంతరము గడించిన ఆస్తి ఇరువురిది. విడిపోవునప్పుడు పంపకము గలదు. భర్త గతించినచో వారసత్వము భార్యది. బజారున అంగడి పెట్టి బేరము చేయునది, లెక్కలు చూచునది, ఇంటి ధనము దాచునది సాధారణముగా స్త్రీయే. అట్టి స్త్రీ ఒక హిందువుతో కాపురము చేయగానే ఆమె ధర్మము ఆమెకు అక్కరకు రాకుండ పోయెను. భర్త హిందువగుటచే హిందూ ధర్మశాస్త్రము వర్తించును. ఆ శాస్త్రదృష్టిలో బౌద్ధస్త్రీతో అతడు చేసికొనినది వివాహమే కాదు. ఇరువది యేండ్లు కలిసి బ్రతికి, అంగడిలో సగము తన కష్టముతోనే పెంచిన ఇల్లాలు, భర్త కన్ను మూసినంతనే, ఏ హక్కును లేని పరాయిదగుచుండెను; ఆమె బిడ్డలు ఔరసులు కాకపోవుచుండిరి. హిందువులును బౌద్ధులును తమ మతములను వదలుకొనకయే రిజిస్ట్రారు ఎదుట వివాహమాడవచ్చునని 1923లో 1872 నాటి ప్రత్యేక వివాహచట్టమును సవరించిన మాట నిజమే. కాని బస్తాలు మోయు కూలికి రిజిస్ట్రారు కచేరీ ఎక్కడ, ఆ చట్టమెక్కడ!

1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె కట్టిరి. యజమానులు వారి స్థానమున బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీరి మనవారు మరల పనిలోనికి రాగా, వచ్చిన కొలువు పోయిన బర్మావారి ఆగ్రహము మే 26న నెత్తుటి కలహమై, వందకు పైగా ప్రాణములను బలిగొన్నది. ఓడలు పల్లెలకు మరలు తెలుగువారితో నిండిపోయినవి. వయస్సు మీరిన భర్తతో, చిన్నబిడ్డలతో ఉన్న బర్మా ఇల్లాలు ఆ దినములలో ఏ వీధిని తనదనుకొనవలెను? ఆ ప్రశ్నకు ఏ విచారణ సంఘమును సమాధానము వ్రాయలేదు.

1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బర్మా భారతదేశములో ఒక రాష్ట్రము. విశాఖపట్టణము వాడు రంగములో పెండ్లాడుట, న్యాయదృష్టిచే, లాహోరులో పెండ్లాడుట వంటిదే. ఆ దినమున బర్మా వేరు చేయబడినది. అంతటితో, గడప దాటని ఆ స్త్రీ తన భర్తకు పరదేశీయురాలయ్యెను. అంతటితో అతడును ఆమె దేశమున విదేశీయుడయ్యెను. సరిహద్దు వారిని దాటిపోయినదే కాని వారు సరిహద్దును దాటలేదు.

అప్పటి నుండి వారి దాంపత్యము ప్రభుత్వముల వ్యవహారమైనది. 1938 జులైలో భారతీయులపై, అందును మహమ్మదీయులపై, విజృంభించిన అల్లరులను విచారించిన సంఘము, బర్మా స్త్రీలు పరదేశీయులను పెండ్లాడి నిరాధారలగుచున్నారను మనస్తాపమును ఆ కోపమునకు ఒక హేతువుగా పేర్కొనినది. 1939లో బౌద్ధస్త్రీల ప్రత్యేక వివాహ వారసత్వ చట్టము పుట్టినది. బౌద్ధేతరునితో కాపురము చేయు బౌద్ధస్త్రీకి భార్యాత్వమును, ఆస్తిలో భాగమును అది ప్రసాదించెను. ఆ చట్టమును అచ్చటి భారతీయులలో కొందరు తమపై దాడిగా తలచిరి. నేనట్లు తలపజాలను. మనవారు ఈయవలసియుండి ఈయని దానిని ఆ చట్టము ఇచ్చినది. అటుపిమ్మట 1941లో రెండు ప్రభుత్వములకు కుదిరిన వలసల ఒడంబడికలో, బర్మా దేశీయ స్త్రీతో వివాహము గాని సహవాసము గాని నెరపిన వలసదారుని అనుమతిపత్రమును రద్దు చేయవచ్చునను ఏర్పాటును చేరినది. దాంపత్యము శిక్షార్హమగునంతటి దూరము వచ్చినది. భారతదేశమున ఈ ఒడంబడికపై పెద్ద అలజడి చెలరేగినది. అది అమలునకు రాకముందే యుద్ధము వచ్చిపడినది.

1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగముపై కురిసినవి. 1942 మార్చి 8న నగరము వారి హస్తగతమైనది. ఓడలలో చోటు దొరకని 4, 5 లక్షల మంది భారతీయులు ఆరకాను కొండల మీదుగా చిట్టగాంగునకును, తము కనుమ దాటి ఇంఫాలునకును, హుకాంగు లోయ వెంట అస్సామునకును కాలినడకన బయలుదేరి, వేలకొలదిగా దారిలోనే విషూచికిని, మన్యపు జ్వరమునకును, ఆకలికిని బలియైరి. ‘నాతో రమ్మందునా, పుట్టింట నుండుమందునా’ అని బర్మా భార్య గల ప్రతి పురుషుడును ఆ దారి మొదట నిలిచి ఒక నిర్ణయము చేయవలసివచ్చెను. కొందరు వెంటబెట్టుకొని నడచిరి, కొందరు విడిచివచ్చిరి, విడిచివచ్చినవారిలో యుద్ధానంతరము వెదకికొనుచు వెళ్లినవారును గలరు. ఈ మూడు తెగల వారిని ఒక్క త్రాట కట్టి తీర్పు చెప్పుటకు నాకు మనసొప్పదు.

స్వాతంత్ర్యానంతరము భారతదేశపు చట్టములు ఈ కుటుంబముల వైపు మరల చూచినవి. భారత రాజ్యాంగము 8వ అధికరణము, తాను గాని తన తల్లిదండ్రులు గాని తాత అవ్వలు గాని ఇచ్చట పుట్టియున్న ప్రవాసికి రాయబారకార్యాలయమున పేరు నమోదు చేయించుకొని పౌరుడగు మార్గము చూపినది. 1955 పౌరసత్వచట్టము భార్యకు నమోదు ద్వారమున పౌరసత్వమిచ్చినది. విదేశమున పుట్టిన బిడ్డ కది తండ్రి వలననే సంక్రమించెను. (తల్లి వలన గూడ సంక్రమించుటకు 1992 వరకు వేచియుండవలసివచ్చినది.) అదే 1955లో వచ్చిన హిందూ వివాహచట్టము తన పరిధిలో బౌద్ధులను గూడ చేర్చుకొనుటచే, హిందువునకును బౌద్ధస్త్రీకిని శాస్త్రోక్తముగ జరిగిన వివాహము చెల్లుబాటైనది. ఎవరును పండుగ చేయలేదు గాని, బర్మా ఇల్లాలి చరిత్రలో ఇంతకంటె పెద్ద సంగతి నాకు కనబడదు.

1962 మార్చి 2న సైన్యాధిపతి నేవిన్ అధికారము చేపట్టెను. 1964 మార్చి 19న రంగములోని అంగళ్లను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. మే 17న 50, 100 చాట్‌ల నోట్లు చెల్లవని ప్రకటించెను. అంగడి పోయి, దాచిన ధనము కాగితమై, బర్మా పౌరసత్వము లేని భారతీయులు లక్షకు పైగా కొద్ది సంవత్సరములలో ఓడలపై మద్రాసు, విశాఖపట్టణము రేవులకు వచ్చిపడిరి. సొమ్ములు తెచ్చుకొనుటకు పరిమితి. పైకము తెచ్చుకొనుటకు పరిమితి. మిగిలినవి గుడ్డలు, వంటపాత్రలు, పటములు. 1942లో వచ్చినవాడు మరల వెళ్లు ఆశతో వచ్చెను. 1964లో వచ్చినవారికి ఆ ఆశ లేదు.

విశాఖపట్టణమున కంచరపాలెము బర్మాక్యాంపు ఆ రాక చేత వెలసినదే. అట్టి ఇండ్లలో తల్లి వెంట వచ్చిన వస్తువులలో తనక చెక్క యొకటి. వెలగజాతికి చెందిన ఆ చెట్టు బెరడును గుండ్రని రాతిపై రెండు చుక్కల నీటితో, మనము గంధము తీసినట్లే, అరగదీయగా పసుపువన్నె ముద్ద వచ్చును. దానిని చెక్కిళ్లపై వలయములుగా పూసికొని బర్మా స్త్రీ బయటికి వెళ్లును. అత్తవారి ఊరి స్త్రీలు దానిని వింతగా చూచిరి. వారు తాము పసుపు పూసికొనినపుడు ఎవరును వింతగా చూడలేదు గదా! వంట సంగతి ఇంకను కఠినము. పులియబెట్టిన చేపలముద్దయగు ఙపీ వాసనకు ఇరుగుపొరుగు ముక్కు మూసికొనిరి. కాని అరటిదూట వేసిన చేపపులుసులో బియ్యపు సేవెలు కలిపెడి మొహింగాను, మరియొక సేవెల వంటకమగు ఖౌస్వేను ఆ బిడ్డలు అమ్మచేతి అన్నముగానే ఎరుగుదురు.

బడిలో చేర్చునప్పుడు మరియొక చిక్కు. బర్మావారికి ఇంటిపేరు అనునది లేదు; పుట్టిన వారమును బట్టి అక్షరమెన్నుకొని బిడ్డకు పేరు పెట్టుదురు. ఇచ్చటి బడి పుస్తకమున ముందుగా అడుగబడునది ఇంటిపేరే. తల్లి పెట్టిన పేరు ఇంటిలో పిలుపుగా మిగిలి, తండ్రి ఇంటిపేరుతో కూడిన తెలుగుపేరు పుస్తకమున కెక్కుట సహజమైనది. తండ్రి పుట్టిన ఊరికి బిడ్డలు కొత్తవారు. ఆ యూరి భాష వారికి తండ్రి నోట మాత్రమే విన్న భాష. ఇంక తల్లి కొలిచిన బుద్ధుని సంగతి: అనకాపల్లి చెంత శంకరము వద్ద, బొజ్జన్నకొండపై, ఆ దేవుని ప్రాచీన స్తూపములును గుహలును నిలిచియున్నవి. ఆ గట్టు దరిదాపుల పల్లెవారే ఆమె దైవమును అన్యదైవమనిరి.

ప్రభుత్వము ఇండ్లస్థలములును, వృత్తి ఋణములును ఇచ్చినది. బర్మా, సింహళములనుండి వచ్చినవారి కొరకు 1969లో మద్రాసు కేంద్రముగా ఒక సహకార బ్యాంకు, రెప్కో, స్థాపించినది. లెక్కలలో కుటుంబము కుటుంబముగనే చేరినది. అందలి భార్య ఎచ్చటిది, ఎవరిని విడిచి వచ్చినది అను సంగతి ఋణపత్రమున అడుగలేదు. 1964లో పసిబిడ్డల నెత్తుకొని ఓడ దిగిన ఆ మహిళలలో జీవించియున్నవారు నేడు ఎనుబది దాటినవారు. వారు ఏ వీధిలో పుట్టిరి, ఏ బజారున అంగడి పెట్టిరి, భర్తతో వచ్చుటకు ఎవరు ఒప్పిరి, ఎవరు వలదనిరి, ఇచ్చటికి వచ్చిన పిమ్మట తల్లిదండ్రులకు వ్రాసిన ఉత్తరములు చేరినవా, బదులు వచ్చినదా, తెలుగు మొదట ఎవరి వద్ద నేర్చిరి అని అడిగి వ్రాసికొనువారు కావలెను. 1926లో స్థాపితమైన విశ్వవిద్యాలయము విశాఖపట్టణమున గలదు. కంచరపాలెము అచ్చటికి కొద్దిమైళ్ల దూరము మాత్రమే.