బ్లాక్సాల్ గ్రామ వృద్ధుల జ్ఞాపకాలు

ఇంగ్లండులో అతి సామాన్యమైన పల్లెకు సైతము వ్రాతలో నిలిచిన చరిత్ర దండిగానే ఉంటుంది. చర్చి పుస్తకాలలో జననమరణ వివాహాలను నమోదు చేయవలెననే ఉత్తరువు 1538లోనే వెలువడినది. భూస్వాముల కచేరీ పత్రాలు, పన్నుల పట్టీలు, 1801 మొదలు పదేండ్లకొక పర్యాయము తీసిన జనాభా లెక్కలు దీనికి తోడు. ఇన్ని పత్రాలున్నను, ఆ ఊరిలో కోత కోసినవాడు తన కూలిని ఎట్లు బేరమాడుకొన్నాడో, రొట్టె కాల్చే ఇల్లాలు పొయ్యి తగినంత వేడెక్కినదని దేనిని చూచి గుర్తించినదో వాటిలో కనిపించదు. గ్రామమును గురించి వ్రాసినవారు వేరు, గ్రామములో శ్రమపడి బ్రతికినవారు వేరు. రెండవవారి మాట వినిన కొద్దిమందిలో జార్జి ఎవార్ట్ ఎవాన్స్ ముఖ్యులు. ఆయన విన్న ఊరు తూర్పు ఇంగ్లండులో, సఫోక్ మండలములోని బ్లాక్సాల్.

ఎవాన్స్ ఆ ఊరివారు కారు. 1909లో వేల్సు దేశపు బొగ్గుగనుల ప్రాంతములో, ఒక దుకాణదారుని ఇంట జన్మించినారు. 1948లో ఆయన భార్యకు బ్లాక్సాల్ పాఠశాలలో ఉపాధ్యాయిని పదవి లభించగా, కుటుంబము ఆ పాఠశాలకు చేరిన ఇంటిలో కాపురము పెట్టినది. అప్పటికే ఆయనకు వినికిడి శక్తి క్షీణిస్తున్నది. ఇట్టి మనిషి ఇతరుల మాటలు వినుటయే వృత్తిగా గ్రహించుట విచిత్రమే. అయితే స్పష్టముగా వినపడనివాడు శ్రద్ధగా వినవలసి వస్తుంది. చెప్పినదానిని మరల అడిగి నిర్ధారించుకోవలసి వస్తుంది. ఇరుగుపొరుగు ఇండ్లలోని వృద్ధులు, 1870, 1880 దశాబ్దాలలో పుట్టినవారు, ఆయనకు గురువులైనారు.

వారి మాటలలో మొదట ఆయనను ఆకర్షించినది భాష. 16వ శతాబ్దిలో సఫోక్‌లో సేద్యము చేసి, సేద్యమును గురించి పద్యాలు వ్రాసిన థామస్ టస్సర్ వాడిన పదాలు, నిఘంటువులు పాతబడినవని త్రోసివేసిన పదాలు, ఈ ముసలివారి నోట నిత్యవ్యవహారములో ఉన్నవి. పదము నిలిచినదంటే పని నిలిచినదని అర్థము. కొడవలి, గుఱ్ఱపు నాగలి, చేతి నూర్పిడి—వీటితో బ్రతికిన కడపటి తరము అది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో ట్రాక్టరు పల్లెలలో విరివిగా ప్రవేశించినది. శతాబ్దాల తరబడి తండ్రినుంచి కొడుకునకు సంక్రమించిన నేర్పు ఒక్క తరములో తెగిపోవుట ఎవాన్స్ కండ్లయెదుట జరిగినది. అందుచేతనే ఆయన తొందరపడినారు. ఆ వృద్ధుల మాటలను గ్రంథముగా కూర్చి 1956లో ప్రకటించినారు. ‘గడ్డి కోసినవారినే అడగండి’ అని ఆ గ్రంథనామమునకు అర్థము.

ఆ వృద్ధులు చెప్పిన సంగతులలో కోతల ముచ్చట ప్రధానమైనది. సఫోక్ పల్లెలలో కోతకాలమునకు ముందు కూలీలు ఒక జట్టుగా కూడి, తమలో అనుభవజ్ఞుడైన ఒకనిని నాయకునిగా ఎన్నుకొనేవారు. అతనిని ‘లార్డు’ అనేవారు. ఏడాది పొడవునా రైతు ఆజ్ఞకు తలవంచి నడిచిన కూలీ, ఈ ఒక్క సమయములో తన లార్డు ముఖముగా రైతుతో సమానముగా నిలిచి, పంట మొత్తము ఇంటికి చేర్చుటకు ఇంత సొమ్మని బేరమాడేవాడు. పొలములో లార్డు ముందు నడువగా, మిగిలినవారు అతని కొడవలి వేగమునకు తమ వేగము కలిపి, వరుసగా కోసుకొంటూ సాగేవారు. ఆ నెల సంపాదనతోనే ఇంటి అద్దె తీరవలెను, బిడ్డల కాళ్ళకు జోళ్ళు రావలెను.

పనలు ఎత్తిన తరువాత స్త్రీలు, పిల్లలు పరిగె ఏరుకొనేవారు. పొలములో ఒక పన మిగిల్చి ఉంచితే, ఇంకను లోపలికి రాకూడదని గుర్తు. ఆ పనకు జనము ‘పోలీసు’ అని పేరు పెట్టినారు. ఏరిన గింజలను మరకు పట్టించి, ఆ పిండిని చలికాలమునకు దాచుకొనేవారు. వారమునకొకసారి ఇటుకపొయ్యిలో కంపకట్టెలు మండించి రొట్టె కాల్చేవారు. లోపలి ఇటుకకు పట్టిన మసి మాడిపోయి తెల్లబారినప్పుడు పొయ్యి సిద్ధమైనదని లెక్క. ఇంటి ఆడవారికి ఇటుక రంగే ఉష్ణమాపకము.

ఈ జ్ఞాపకాలను చదివి పాతకాలమంతయు పండుగ అని భావించుట పొరపాటు. కోత ముగిసిన పిమ్మట అనేకులకు పని ఉండేది కాదు. 1872లో జోసెఫ్ ఆర్చ్ నాయకత్వములో వ్యవసాయ కూలీల జాతీయ సంఘము ఏర్పడగా, 1874లో సఫోక్ మొదలైన తూర్పు మండలాల రైతులు సంఘములో చేరినవారికి పనులు నిరాకరించినారు. ఆ వేసవిలో సంఘము తలవంచక తప్పలేదు. బ్లాక్సాల్ వృద్ధులు పుట్టి పెరిగినది ఆ ఓటమి నీడలోనే.

వృద్ధుల మాటను ఎంతవరకు విశ్వసింపవచ్చును? ఈ ప్రశ్నకు రెండు ఉదాహరణలు సమాధానమిస్తాయి. సఫోక్ యువకులు కోతల తరువాత ఇంగ్లండు నడుమనున్న బర్టన్ పట్టణమునకు రైలెక్కి వెళ్ళి, బీరు తయారీకై బార్లీని మొలకెత్తించి ఎండబెట్టే శాలలలో పనిచేసి, ఎండలు ముదిరే వేళకు ఇల్లు చేరేవారమని ముసలివారు ఎవాన్స్‌తో చెప్పినారు. ఆ పని చలికాలములోనే సాగేది. అక్కడ కొనిన కొత్త సూటు తొడుగుకొని ఊరిలో దిగుట వారికి గొప్ప. స్థానిక చరిత్ర గ్రంథాలలో ఈ వలసల ప్రస్తావన లేదు. ఎవాన్స్ బర్టన్ బీరు కంపెనీవారి పాత పట్టీలను వెదకించగా, ఆ కూలీల పేర్లు, ఊళ్ళ పేర్లు వాటిలో బయటపడినవి. 1970లో ప్రకటించిన గ్రంథములో ఆయన ఈ వృత్తాంతమును వివరించినారు. కాగితము ఎక్కడ వెదకవలెనో చూపినది జ్ఞాపకము.

రెండవ ఉదాహరణ ఇందుకు విరుద్ధమైనది. బ్లాక్సాల్‌లో ఒక రైతు ఇంటి ముంగిట సుమారు 5 టన్నుల బండ ఒకటి ఉన్నది. నాగటిచాలులో దొరికిననాడు అది చిన్నరాయి అనియు, నాటినుంచి పెరుగుతూ వచ్చినదనియు ఊరివారి చెప్పిక. భూగర్భ శాస్త్రము దీనిని అంగీకరింపదు. అట్లని నవ్వి ఊరుకొనుట చరిత్రకారుని పని కాదు. బాటలకు పరచుటకై పొలములో రాళ్ళు ఏరుట పూర్వము స్త్రీల, పిల్లల కూలిపని. నేడు ఏరిన పొలములోనే మరుయేడు దున్నగానే మరల రాళ్ళు తేలుతాయి. నడుము వంగేవరకు ఏరినను తరుగని రాళ్ళను చూచినవారు రాయి పెరుగుతుందని నమ్మితే ఆశ్చర్యమేమున్నది? ఆ కథ బండను గురించి అబద్ధమే చెప్పినను, రాళ్ళేరిన చేతులను గురించి నిజమే చెప్పుతున్నది.

మొదట కలముతోను, తరువాత టేపురికార్డరుతోను ఎవాన్స్ ఈ పని కొనసాగించినారు. 1956లో ఆ కుటుంబము బ్లాక్సాల్ విడిచినను, సఫోక్ గుఱ్ఱపు సేద్యమును గురించి ఆయన వ్రాసిన గ్రంథము 1960లో వెలువడినది. విశ్వవిద్యాలయాల చరిత్రకారులు చాలకాలము ముసలివారి మాటను సాక్ష్యముగా పరిగణింపలేదు. 1973లో బ్రిటనులో మౌఖిక చరిత్ర సంఘము స్థాపితమైన నాటికి ఎవాన్స్ ఆ మార్గములో పాతికేండ్లు నడిచి ఉన్నారు. 1988లో ఆయన మరణించినారు.

ఆయనతో మాటలాడిన వృద్ధులు అంతకుముందే గతించినారు. వారిని అడిగినంత మేరకు బ్లాక్సాల్ చరిత్ర నిలిచినది. అడుగనిది వారితోపాటే పోయినది. ఇంగ్లండులో అట్టి పల్లెలు వేలకొలది ఉండెను. వాటిలో అనేకములకు చర్చి పుస్తకములు మిగిలినవి; కోత కోసినవారి మాట మిగులలేదు.