నోటికి గుడ్డ కట్టుకోని బొమ్మ

ఇండియా నుంచి అమ్మో అత్తయ్యో వస్తే లండన్‌లో మనం చూపించేవి ఏముంటాయి? బిగ్‌బెన్, టవర్ బ్రిడ్జ్, కాసేపు షాపింగ్. పోయినసారి మా అమ్మతో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉండగా వాన పట్టుకుంది. ఎదురుగా నేషనల్ గ్యాలరీ. టికెట్ కూడా అక్కర్లేదు. తడవడం ఎందుకని లోపలికి వెళ్ళాం. కాళ్ళు నొప్పులంటూ కూర్చోబోయిన అమ్మ ఒక బొమ్మ ముందు ఆగిపోయింది. విరిగిన చక్రం మీద చెయ్యి వేసి, ఒకమ్మాయి మనవైపే చూస్తోంది.

"ఈ పిల్ల ఎవరే? ఏదో చెప్పబోతున్నట్టుంది" అంది అమ్మ.

ఆ పిల్ల ఆర్టెమీసియా జెంటిలెస్కి. సెయింట్ కేథరిన్‌గా తన ముఖాన్నే గీసుకుంది, 1615-17 ప్రాంతంలో. ఆ బొమ్మను గ్యాలరీ 2018లో 36 లక్షల పౌండ్లకు కొన్నది.

ఆమె కాలాన్ని బరోక్ యుగం అంటారు. 1600 ప్రాంతంలో రోమ్‌లో మొదలై యూరప్ అంతా పాకిన పద్ధతి అది. ప్రొటెస్టెంట్లు విడిపోయాక, చదువురాని వాళ్ళ మనసునూ కదిలించే బొమ్మలు కావాలనుకుంది కేథలిక్ చర్చి. అందుకే బరోక్ బొమ్మల్లో మనుషులు ఊరికే నిలబడరు. ఏదో జరుగుతున్న క్షణంలో మన కంటబడతారు. బెర్నీని చెక్కిన డేవిడ్ రాయి విసరబోతూ ఒళ్ళంతా మెలితిప్పి ఉంటాడు. కరవాజో బొమ్మల్లో, కరెంటు పోయిన రాత్రి లాంతరు వెలుగులో కనబడినట్టు, ముఖాలు చీకట్లోంచి బయటికొస్తాయి.

ఆర్టెమీసియా 1593లో రోమ్‌లో పుట్టింది. పన్నెండేళ్ళకే తల్లి పోయింది. తండ్రి ఒరాజియో చిత్రకారుడు. ఆయన దగ్గరే పని నేర్చుకుని, పదిహేడేళ్ళకు 'సుసాన్నా' బొమ్మ వేసింది. స్నానం చేస్తున్న ఆడమనిషిని ఇద్దరు పెద్దమనుషులు బెదిరించే బైబిల్ కథ అది. చాలామంది మగవాళ్ళకు ఆ కథ అందమైన ఒళ్ళు గీయడానికో సాకు. ఈమె గీసిన సుసాన్నా మాత్రం అసహ్యంతో ముఖం తిప్పుకుని, చేతులతో వాళ్ళను తోసేస్తూ ఉంటుంది.

మరుసటి ఏడాది, తండ్రితో కలిసి పనిచేసే అగొస్తీనో తాస్సీ అనే చిత్రకారుడు ఆమెపై అత్యాచారం చేశాడు. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి కాలం గడిపాడు. 1612లో తండ్రి ఫిర్యాదు చేశాడు. విచారణ నెలల తరబడి సాగింది. ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికని, వేళ్ళకు తాళ్ళు చుట్టి బిగించారు. బొమ్మలు వేసే వేళ్ళు! అయినా ఆమె మాట మార్చలేదు. తాస్సీని రోమ్ నుంచి వెళ్ళగొట్టాలని తీర్పు వచ్చింది కానీ, అది సరిగ్గా అమలే కాలేదు.

ఇది చెప్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వేళ్ళు నలిపినా మాట మార్చలేదా?" అని రెండుసార్లు అడిగింది.

చాలామంది ఆమె కథను ఇక్కడితో ఆపేస్తారు. కానీ అసలు కథ ఇక్కడి నుంచే మొదలు. పెళ్ళయి ఫ్లోరెన్స్ వెళ్ళింది. అక్కడే రాయడం నేర్చుకుంది. కన్న బిడ్డల్లో ఒక్క కూతురు తప్ప అందరినీ పోగొట్టుకుంది. అయినా కుంచె వదల్లేదు. 1616లో అక్కడి చిత్రకళా అకాడమీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే.

శత్రు సేనాపతి తల నరికే జూడిత్ బొమ్మను కరవాజో కూడా వేశాడు. అందులో జూడిత్ వెనక్కి వాలి, కాస్త జంకుతూ కత్తి దూస్తుంది. ముసలి దాసి పక్కన చూస్తూ నిలబడుతుంది. ఆర్టెమీసియా దాసిని వయసులో ఉన్న మనిషిని చేసింది. ఒకరు అతణ్ణి అదిమిపెడితే, ఇంకొకరు చేతులు పైకి మడుచుకుని పని కానిస్తారు. అది తాస్సీ మీద పగ అంటారు కొందరు. కావచ్చు. నాకు మాత్రం ఆ చేతులే కనిపిస్తాయి. రోట్లో రుబ్బి, బావిలో నీళ్ళు తోడిన చేతుల బలం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి గీసిన చేతులవి.

ఆమె కూడా మనలాగే ఈ దేశానికి పనికోసం వచ్చింది. తండ్రి అప్పటికే చార్లెస్ రాజు కొలువులో ఉన్నాడు. 1639లో ఆయన ఇక్కడే కన్నుమూశాడు. ఆ రోజుల్లోనే ఆమె తనను తాను 'చిత్రకళ'గా గీసుకుందని చెబుతారు. చిత్రకళను స్త్రీగా ఎలా చూపించాలో చెజారె రీపా అనే ఆయన ఒక పుస్తకంలో రాసిపెట్టాడు. చెదిరిన జుట్టు, మెడలో ముసుగు బిళ్ళ వేలాడే బంగారు గొలుసు, బొమ్మకు మాట రాదు కాబట్టి నోటికి గుడ్డ. ఆర్టెమీసియా జుట్టు వేసింది, గొలుసు వేసింది. గుడ్డ మాత్రం వెయ్యలేదు.

తరవాత నేపుల్స్ నుంచి 1649లో ఒక కొనుగోలుదారుకు ఉత్తరాలు రాసింది. ముందుగా నమూనా గీసి పంపననీ, అలా పంపితే ఒకాయన దాన్ని వేరేవాడికిచ్చి చవగ్గా వేయించుకున్నాడనీ, తాను మగవాడినైతే ఇలా జరిగేది కాదనీ తెగేసి చెప్పింది.

తిరిగొస్తుంటే ట్రెయిన్‌లో అమ్మ, చిన్నప్పుడు తనతో చదివిన ఒక అమ్మాయిని ఉన్నట్టుండి బడి మానిపించిన సంగతి చెప్పింది. ఎందుకు మానిపించారో కూడా చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ మాట అమ్మ నోట నేను వినలేదు.

ఈసారి మీ అమ్మగారు వస్తే ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. ఎవరీ పిల్ల అని అడిగితే మొత్తం చెప్పండి. తరవాత ఆవిడ చెప్పేది కూడా వినండి.