ముప్పై రోజుల చట్టం, నలభై రోజుల పేరు

క్వారంటైన్ అనగానే పొలిమేరలు మూసేయడం, రాకపోకలు ఆపేయడం గుర్తొస్తాయి. నిజానికి అది రేవు తెరిచి ఉంచడానికి పుట్టిన ఉపాయం. రగూసా, అంటే నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, ఓడల వ్యాపారం మీదే బతికిన పట్టణం. 1348 ప్లేగు దాన్ని చావుదెబ్బ కొట్టింది. రేవు మూస్తే పస్తులు, తెరిస్తే ప్లేగు. 1377 జూలైలో అక్కడి పాలకసభ మధ్యేమార్గం కనిపెట్టింది: ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చినవాళ్లు దగ్గరలోని చిన్న దీవిలోనో, పక్క ఊళ్లోనో నెల రోజులు గడిపాకే పట్టణంలో అడుగుపెట్టాలి. వాళ్లను చూడబోయిన స్థానికులకూ అదే నెల. రోగిని ఊరవతల ఉంచడం పాత అలవాటే, కుష్ఠు రోగుల పట్ల ఎన్నో దేశాలు చేసిందదే. రగూసా మాత్రం ఆరోగ్యంగా కనబడుతున్న మనిషిని ఆపింది. జబ్బు బయటపడేలోపు కొంత కాలం లోపల దాగి ఉంటుందని సూక్ష్మక్రిముల ఊసైనా తెలియని రోజుల్లో గ్రహించడం చిన్న విషయం కాదు.

ఆ నెల గడువు తర్వాతి కాలంలో నలభై రోజులకు పెరిగింది. ఇటాలియన్‌లో నలభైని ‘క్వారంటా’ అంటారు, పేరు అందులోంచే వచ్చింది. నలభయ్యే ఎందుకు? క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసం ఒక కారణమంటారు. తీవ్రజ్వరం నలభయ్యో రోజు దాటితే దీర్ఘరోగమని లెక్కగట్టిన గ్రీకు వైద్యం ఇంకో కారణమంటారు. ఏదైనా అది రోగాన్ని కొలిచి తేల్చిన అంకె కాదు. గడ్డల (బుబోనిక్) ప్లేగు సాధారణంగా వారంలోపే బయటపడుతుంది.

ప్లేగును మోసేది ఎలుకలూ, వాటి ఒంటిమీది చిన్న పురుగులూ అయినప్పుడు మనుషులను ఆపి ఏం లాభమని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. ఓడ తాళ్ల మీదుగా దిగే ఎలుకను ఏ చట్టమూ ఆపలేదు. కానీ ఆపింది మనుషులను మాత్రమే కాదు. 1468లో అనుమానితుల కోసం వెనిస్ కేటాయించిన దీవిలో సరుకు మూటలు విప్పి గాలికి ఆరబెట్టి, మూలికల పొగ పట్టేవారు. బట్టల్లో నక్కిన పురుగులకు అది కొంతైనా అడ్డే. ఈ నియమం సడలితే ఏమవుతుందో 1720లో ఫ్రాన్స్ రేవు పట్టణం మార్సెయ్ చూసింది. దారిలోనే నావికులు, ఓడ వైద్యుడు చనిపోయిన ‘గ్రాండ్ సెయింట్ ఆంటోయిన్’ అనే ఓడ అక్కడికి చేరింది. దాన్ని దూరపు దీవికి పంపాల్సింది పోయి, సంతకు అందాల్సిన పట్టు, పత్తి మూటలను ఊరి అంచునే దించనిచ్చారు. ఆ సరుకులో నగర పెద్దల్లో ఒకరికి వాటా ఉంది. కొద్ది నెలల్లో పదుల వేలమంది పోయారు, ఆ రేవు వ్యాపారమూ ఏళ్ల తరబడి స్తంభించింది.