జంట రవ్వల బండి

సాయంకాలము రేడియో ముందు కూర్చుండు కుటుంబములకు ఒక అనుభవము తప్పక కలిగియుండును. మీడియం వేవు మీద కచ్చేరి రక్తి కట్టుచుండగా వీథిలో ఒక మోటారు సైకిలు పోవును. దానితోడనే రేడియోలో టపటపమని చప్పుడు బయలుదేరి, బండి మలుపు తిరుగగానే అణగిపోవును. అది బండిలోని నిప్పురవ్వ చేసిన అల్లరి. 1887, 1888 సంవత్సరములలో హెర్ట్జ్ పండితుడు విద్యుదయస్కాంత తరంగములను పుట్టించి చూపినది ఇట్టి రవ్వతోనే. మార్కోనీ తొలి సందేశములను పంపినదియు రవ్వతోనే. రేడియోకును స్పార్కు ప్లగ్గునకును రక్తసంబంధము కలదు. దాయాదులు గనుకనే పొసగదు కాబోలు!

కొన్ని నెలల క్రిందట మా యింటి బండియే మా రేడియోను ఇట్లు వేధింపసాగెను. అంతకు వారము ముందే దాని ప్లగ్గు మార్పించియుంటిమి. "ప్లగ్గు" అని ఏకవచనము వాడుటలోనే మా తప్పు కలదు. అది జంట రవ్వల బండి. దాని ఒక్కగానొక్క సిలిండరునకు ప్లగ్గులు రెండు. మెకానిక్కు కంటికెదురుగా నున్న దానిని మార్చి, రెండవదాని జోలికి పోలేదు. మేమును అడుగలేదు. బండి నడచుచునే యున్నది గదా! ఒక ప్లగ్గు నీరసించినను బండి నడచుచునే యుండుట యను ఈ గుణము మేలో కీడో తెలియవలెనన్నచో కొంత చరిత్ర చెప్పవలసియున్నది.

1860లో పారిసు నగరమున లెన్వార్ అను బెల్జియము దేశీయుడు వాయువుతో నడచు ఇంజనును నిర్మించి, పింగాణిలో బిగించిన తీగ కొసనుండి రవ్వను దూకించెను. ప్లగ్గు పుట్టుక అదియే. కాని ఆనాటి రవ్వ నమ్మదగినది కాకపోయెను. అందుచేత 1885లో జర్మనీ దేశమున డైమ్లరు, మైబాకు కలిసి తొలి పెట్రోలు మోటారు సైకిలును చేసినపుడు రవ్వను విడిచి, ఎఱ్ఱగా కాలిన గొట్టముతో ఇంధనమును మండించిరి. ఆ గొట్టపు వేడికి తొలి ప్రయాణముననే జీను అంటుకొన్నదని చెప్పుదురు. 1902లో బాష్ కర్మాగారపు ఇంజనీరు హోనోల్డు అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపరచిన పిదపనే రవ్వకు స్థిరత్వము అబ్బెను.

రెండవ ప్లగ్గునకు గౌరవము తెచ్చినది విమానము. ఆకాశమున ఇంజను ఆగినచో ప్రక్కకు తీసి చూచుకొనుటకు వీలులేదు. కనుక ప్రతి సిలిండరునకు రెండు ప్లగ్గులు, ఆ రెంటికి వేర్వేరు మాగ్నెటోలు అమర్చిరి. 1927లో లిండ్‌బర్గు ఒంటరిగా అట్లాంటిక్కును దాటిన విమానపు ఇంజనుకు తొమ్మిది సిలిండర్లు, పదునెనిమిది ప్లగ్గులు. అయినను వైమానికులు ఈ జంటను గ్రుడ్డిగా నమ్మరు. నేల విడుచుటకు ముందు ఒక్కొక్క మాగ్నెటోను ఆపి, ఇంజను వేగమును చూతురు. ఒక ప్లగ్గుతో నడచునపుడు వేగము కొంచెము తగ్గవలెను. మిక్కిలి తగ్గినచో ప్లగ్గు చెడినదన్నమాట. ఏమియు తగ్గకున్నచో అదియును అనుమానమే. ఆపితిమనుకొన్న మాగ్నెటో నిజముగా ఆగలేదేమో!

వేగము ఏల తగ్గవలెను? రవ్వ పడినంతనే ఇంధనమంతయు ఒక్కసారి భగ్గుమనదు. మంట ఒక చోట పుట్టి, గడ్డిలో నిప్పువలె ప్రాకును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక చుట్టునకు పట్టు కాలము సెకనులో నూరవవంతు. మంట ప్రాకుటకు దొరకునది అందులో చిన్న భాగము. ఇరువైపుల నుండి రెండు మంటలు బయలుదేరినచో ఒక్కొక్కటి సగము దూరము ప్రాకిన చాలును. పందెపు కార్లకై ఆల్ఫావారు 1914లోనే ఈ పద్ధతిని వాడిరి.

మన దేశమున ఇది ఇంటింటి మాట యైనది 2003లో బజాజ్ పల్సరు జంట రవ్వలతో వచ్చిన పిదప. దాని 150 తరగతి ఇంజను సిలిండరు వ్యాసము 57 మిల్లీమీటర్లు మాత్రమే. అంత చిన్న ఇంజనుకు రెండు ప్లగ్గులేల యని నవ్వినవారు తరువాత న్యాయస్థానపు వ్యవహారమును ఆసక్తితో చదివిరి. 2007లో టీవీఎస్ వారు ఫ్లేమ్ అను బండిని వెలువరింపగా, బజాజ్ వారు తమ పేటెంటునకు భంగము కలిగినదనిరి. మద్రాసు హైకోర్టు 2008లో నిషేధాజ్ఞ యిచ్చెను. 2009లో అదే కోర్టు ధర్మాసనము దానిని త్రోసిపుచ్చెను. అదే సంవత్సరము సుప్రీంకోర్టు దావాను త్వరగా తేల్చుడని ఆదేశించెను. తుదకు 2019లో ఇరువురును రాజీపడిరి. రెండు ప్లగ్గుల ఊహ పాతదే. తగవంతయు చిన్న ఇంజనులో వాటిని అమర్చిన తీరును గూర్చి.

ఆ అమరికలోనే మా కథకు మూలము కలదు. ఒక ప్లగ్గు టైమింగు గొలుసు తిరుగు వైపున, నూనె తగులకుండ ఒక గొట్టపు తొడుగులో లోతుగా కూర్చుండును. సన్నని పొడవైన పానా లేనిదే అందదు. అందని దానిని మరచుట లోకసహజము.

ఎన్నికలో మొదటి ప్రమాణము బండితో వచ్చిన కైపుస్తకము. మరచుట్ల వ్యాసము, పొడవు సరిపోవలెను. పొడవు మించినచో పిస్టనునకు తగులవచ్చును. వేడి అంకె విషయమున మఱింత జాగ్రత్త వలయును. ప్లగ్గు కొన 450 డిగ్రీల సెంటీగ్రేడు కంటె చల్లగా నున్నచో మసి పట్టును. 800 దాటి కాగినచో రవ్వ రాకమునుపే ఇంధనము మండును. ఎన్.జి.కె. వారి అంకె పెరిగిన కొలది ప్లగ్గు చల్లనిది. బాష్, ఛాంపియన్ వారి అంకె పెరిగిన కొలది వేడిది. అంకెను చూచి అంకె కొనరాదు. పేరులో 'ఆర్' అక్షరమున్నచో లోపల నిరోధకము కలదని అర్థము. రేడియోను కాపాడునది అదియే.

ఇంజను చల్లారిన పిదపనే ప్లగ్గులు విప్పవలెను. గుంటలోని దుమ్మును ముందుగా ఊదివేయవలెను. క్రొత్తదానిని మొదట వ్రేళ్ళతోనే త్రిప్పవలెను. హెడ్డు అల్యూమినియముది, వంకరగా ఎక్కిన ప్లగ్గు దాని మరలను కోసివేయును. చేతికి ఆగిన పిదప పానాతో సుమారు అరచుట్టు చాలును. మార్చినపుడు రెంటిని కలిపియే, ఒకే రకమువి వేయవలెను.

మేము ఒక ఆదివారము పానా సంపాదించి చూచితిమి. మెకానిక్కు వేసిన క్రొత్త ప్లగ్గు పేరులో 'ఆర్' లేదు. లోపలిదానికి ఉన్నది, కాని దాని కొన అరిగి గుండ్రనై, సందు ఉండదగిన దానికి రెట్టింపైనది. ఎన్నాళ్ళ నుండి అట్లున్నదో! పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నదని మేము బంకువానిని అనుమానించుచుంటిమి. రెంటిని మార్చి, మా అబ్బాయిని వీథిలో బండి నడుపుమని, మేము రేడియో ముందు కూర్చుంటిమి. వార్తలు వచ్చుచున్నవి. బండి పోయినది బండి చప్పుడును బట్టియే తెలిసెను.