ప్రాణానికో రేటు

క్యాండీ క్రష్ ఆడేవాళ్లందరికీ ఆ తెర తెలుసు. ఐదు ప్రాణాలూ అయిపోయాయి. ఇంకొకటి రావాలంటే 30 నిమిషాలు ఆగాలి, లేదంటే డబ్బు కట్టాలి, అదీ కాకపోతే స్నేహితుల్ని అడుక్కోవాలి. మనకు ఓపిక ఉంది, ఫోన్‌లో చార్జింగ్ ఉంది, అయినా ఆట మాత్రం నడవదు. వీడియో గేముల్లో విసుగెత్తించే ఏర్పాట్లు చాలానే ఉన్నాయి గానీ, పిల్లల దగ్గర్నుంచి అమ్మమ్మల దాకా అందరి చేతా తిట్లు తిన్నది ఇదొక్కటేనేమో. ఇది స్మార్ట్‌ఫోన్ కాలపు దురాశ అనుకుంటాం. కానీ దీని మూలపురుషుడు 1970లలో, నాణెం వేస్తే ఆడే యంత్రం లోపల పుట్టాడు.

1972లో అటారీ కంపెనీ తన మొదటి 'పాంగ్' యంత్రాన్ని కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక బార్‌లో పెట్టింది. కొన్నాళ్లకే అది పనిచేయడం లేదని కబురొచ్చింది. తయారుచేసిన ఆలన్ ఆల్కార్న్ వెళ్లి తెరిచి చూస్తే, జబ్బేమీ లేదు, నాణేలు పడే డబ్బా నిండి పొర్లుతోంది. దాంతో కొత్త వ్యాపారం దొరికింది, దాని వెనకే కొత్త చిక్కూ వచ్చింది. ఒక నాణెం వేసినవాడు ఎంతసేపు ఆడాలి? వాణ్ని ఎప్పుడు, ఏ వంకతో దించాలి?

అంతకు ఏడాది ముందు వచ్చిన 'కంప్యూటర్ స్పేస్' గడియారం పెట్టి దించేది. పిన్‌బాల్ బల్లలైతే ఆటకు ఇన్ని గుండ్లని లెక్కపెట్టి ఇచ్చేవి. 1978లో జపాన్‌లో తోమోహిరో నిషికాడో తైతో కంపెనీకి చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఈ రెండో దారి పట్టింది. నాణేనికి మూడు ఫిరంగులు, అవి పోతే ఆట పోయినట్టే. బాగా ఆడేవాడు ఎంతసేపైనా ఆడొచ్చు, ఆ మేరకు షాపువాడికి నష్టం. అందుకని శత్రువులు పోనుపోను వేగం పుంజుకోవాలి. తమాషా ఏమిటంటే, ఆ వేగం మొదట ఎవరూ కావాలని పెట్టింది కాదు. తెరమీద శత్రువులు తగ్గేకొద్దీ గీయాల్సిన బొమ్మలు తగ్గి, ఆనాటి నెమ్మది చిప్ తేలికపడి, మిగిలినవాళ్లను వేగంగా కదిలించేది. నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు.

ఆటగాళ్లకు కనపడని సంగతి ఇంకొకటుంది. ఆ యంత్రాల లోపలి బోర్డు మీద చిన్న చిన్న స్విచ్చులుండేవి. నాణేనికి ఎన్ని ప్రాణాలివ్వాలో వాటితో షాపు యజమానే నిర్ణయించుకునేవాడు. 1980 నాటి 'ప్యాక్‌మ్యాన్'లో ఒకటి, రెండు, మూడు, ఐదు అని నాలుగు రకాలు పెట్టుకోవచ్చు. ఎన్ని పాయింట్లకు ఒక ప్రాణం ఉచితంగా ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో కూడా ఆయన దయే. తిరునాళ్లలో రంగులరాట్నం వాడు జనాన్ని బట్టి చుట్లు తగ్గించినట్టే ఇదీను. కాకపోతే రాట్నం ఎక్కినవాడు చుట్లు తగ్గించాడని వాడితో పోట్లాడతాడు, ఇక్కడ ఓడినవాడు తనకు చేతకాలేదనుకుని ఇంకో నాణెం వేస్తాడు. ఈ పద్ధతి ఇన్నేళ్లు బతకడానికి కారణం అదేనని నా అనుమానం.

1985లో అటారీ వాళ్ల 'గాంట్లెట్' మొహమాటం వదిలేసింది. నలుగురు కలిసి ఆడే ఆట అది. శత్రువు తాకినా తాకకపోయినా, ఊరికే నిలబడినా, సెకన్లు గడిచేకొద్దీ ఆరోగ్యం తరుగుతూనే ఉంటుంది. ఇంకో నాణెం వేస్తే పెరుగుతుంది. 1988లో టెక్మో 'నింజా గైడెన్' ఇంకో మెట్టెక్కింది. ఓడిన హీరోని కట్టేసి పడుకోబెట్టి, పైనుంచి తిరిగే రంపాన్ని దించుతూ అంకెలు లెక్కపెట్టేది. ఆ లోపు నాణెం వేయకపోతే వాడి పని అయిపోయినట్టే. నన్నడిగితే గాంట్లెట్‌దే కాస్త నిజాయతీ. అది డబ్బు అడిగిందే తప్ప జాలి అడగలేదు.

యంత్రం ఇంట్లోకి వచ్చాక ఈ లెక్క పోవాల్సింది. 1983లో నింటెండో ఫామికామ్ వచ్చింది, క్యాసెట్ ఒక్కసారి కొంటే చాలు, నాణేల డబ్బా ఉండదు. అయినా 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'లో మూడే ప్రాణాలు. వంద నాణేలు ఏరుకుంటే ఇంకో ప్రాణం. బయట జేబులోంచి తీసిన నాణెం, ఇక్కడ ఆట లోపల ఏరుకునేదయింది. అన్ని ప్రాణాలూ పోతే మొదటికే వెళ్లాలి. నిజానికి ఓడిన ప్రపంచం నుంచే మళ్లీ మొదలుపెట్టే దారి ఒకటుంది, మొదటి తెర మీద 'ఎ' నొక్కి పట్టుకుని 'స్టార్ట్' కొట్టాలి. ఆ ముక్క తెరమీద ఎక్కడా కనిపించదు.

అలవాటు ఒక కారణమైతే, ఆట పొట్టిదన్న సంగతి దాచడం ఇంకో కారణం. చావులేకుండా ఆడితే ఆనాటి క్యాసెట్లు చాలావరకు గంటలోపే అయిపోతాయి. అంత డబ్బు పెట్టి కొన్నవాడు సాయంత్రానికే ఆట ముగిస్తే ఊరుకుంటాడా? కష్టం పెంచితే నెలలు గడుస్తాయి. ఈ కష్టం తయారుచేసేవాళ్లకే భరించరానిదయ్యేది. కోనామీలో 'గ్రేడియస్' ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ కజుహిసా హషిమోతో, తనే ఆడి పరీక్షించలేక, బలాలన్నీ ఒక్కసారే ఇచ్చే రహస్య మీటల వరస పెట్టుకున్నాడు. అదే వరస 'కాంట్రా'లో మూడు ప్రాణాల్ని ముప్పై చేసి ప్రపంచమంతా పాకింది.

మన పట్టణాలకు ఈ ఆటలు అసలు యంత్రంతో కంటే చౌక నకళ్లతోనే ఎక్కువగా చేరాయి. 'వేల ఆటలు ఒకే క్యాసెట్‌లో' అని అట్ట మీద వేసేవారు. లోపల ఉన్నవి కొద్ది ఆటలే. ముప్పై ప్రాణాల కాంట్రా ఒకటి, ఫలానా లెవెల్ నుంచి మొదలయ్యే కాంట్రా ఇంకొకటి, ఇలా ఒక్కదాన్నే పదిసార్లు లెక్కేసేవారు. అసలు కంపెనీ దాచిపెట్టిన సుఖాన్ని దొంగ క్యాసెట్ మెనూలోనే పెట్టి ఇచ్చింది.

అమెరికాలో ఒక తగాదా నడిచింది. అక్కడ వీడియో షాపులు గేములు అద్దెకిచ్చేవి. నింటెండోకు ఇది కంటగింపు. ఆట మాన్యువల్ జిరాక్సు తీసి ఇస్తున్నారని 1989లో బ్లాక్‌బస్టర్ అనే వీడియో షాపుల సంస్థ మీద దావా వేసింది. 1990లో సాఫ్ట్‌వేర్ అద్దెల మీద చట్టం వచ్చినా, వీడియో గేముల యంత్రాలకు మినహాయింపు దొరికింది. చట్టం చేయలేని పని చావులతో చేయించారు. రెండ్రోజుల అద్దెలో ఆట ముగిస్తే ఇక కొనేదెవరు? 1994 నాటి 'కాంట్రా హార్డ్ కోర్'లో జపాన్ ఆటగాడు మూడు దెబ్బలు తిన్నాక ఒక ప్రాణం పోతుంది, ఎన్నిసార్లయినా కొనసాగించవచ్చు. అమెరికా ఆటగాడికి ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది, కొనసాగించడానికీ హద్దుంది. అదే ఏడాది వచ్చిన 'లయన్ కింగ్' రెండో లెవెల్‌లో కోతులు సింహప్పిల్లను ఎటు విసురుతాయో తెలియక ఏడ్చిన పిల్లలెందరో. ఆ లెవెల్‌ను అద్దెల లెక్కతోనే కష్టం చేశామని, దాన్ని తయారుచేసిన వెస్ట్‌వుడ్ స్టూడియో వ్యవస్థాపకుల్లో ఒకరైన లూయీ కాసిల్ తర్వాత ఒప్పుకున్నాడు.

ఆటను సేవ్ చేసుకునే వీలు మామూలైపోయాక ప్రాణాల అవసరం తీరింది. 2017లో 'సూపర్ మారియో ఒడిస్సీ' వాటిని తీసేసి, చచ్చినప్పుడల్లా పది నాణేలు పట్టుకుని ఊరుకుంది.

అయితే అప్పటికే అవి వేరే ఇంట్లో మళ్లీ పుట్టాయి. 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లోకి జింగా కంపెనీ 'ఫార్మ్‌విల్' వచ్చింది. విత్తనం వేసి గంటలు ఆగాల్సి వచ్చేది, వేళకు కోయకపోతే పంట వాడిపోయేది. అదే ఏడాది అక్టోబర్‌లో ఆపిల్, ఉచిత యాప్‌ల లోపల కూడా అమ్మకాలకు అనుమతిచ్చింది. నాణెం వేసే కన్నం జేబులోని ఫోన్‌కే వచ్చేసింది. 2012లో కింగ్ కంపెనీ 'క్యాండీ క్రష్ సాగా' ఐదు ప్రాణాలకు గడియారం తగిలించింది. ఫోన్‌లో టైమ్ ముందుకు జరిపి ప్రాణాలు తెచ్చుకున్న ఘనులు మన ఇళ్లలోనూ ఉన్నారు. మిగిలినవాళ్లు బంధుమిత్రులకు అర్జీలు పంపారు. 2015 అక్టోబర్‌లో మార్క్ జుకర్‌బర్గ్ ఢిల్లీ ఐఐటీకి వచ్చినప్పుడు, ఈ క్యాండీ క్రష్ అభ్యర్థనలు ఆగేదెలా అన్న ప్రశ్న ఆయన్ని నేరుగా ఎదుర్కొంది.

2014లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 'డంజన్ కీపర్'ను ఫోన్‌కు తెచ్చినప్పుడు గొడవ ముదిరింది. కొన్ని రాళ్లు తవ్వాలంటే గంటల కొద్దీ ఆగాలి, లేదా రత్నాలు కొనాలి. ఆ ఆటను 'ఉచితం' అని ప్రచారం చేయడం తప్పుదోవ పట్టించడమేనని బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తేల్చింది. అది న్యాయమైన తీర్పు. పాత యంత్రం నాణెం మింగినా ఆ కాసేపూ ఆడించేది. ఈ కొత్త పద్ధతి ఆడించకుండా ఆపి, వదలడానికి డబ్బు అడుగుతుంది. డబ్బు కట్టనివాళ్ల దగ్గర ఇప్పుడు ఒక్కో ప్రాణానికి ఒక్కో ప్రకటన చూపించి సమయం వసూలు చేస్తున్నారు.

కాబట్టి ఏ గేమ్ దించుకునే ముందైనా, స్టోర్‌లో దాని పేరు దగ్గర 'ఇన్-యాప్ పర్చేజెస్' అన్న చిన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి. పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ముందే సెట్టింగ్ మార్చిపెట్టండి.